ఆగిపోయిన గడియారం గురించి అన్నేసి పేజీలు ఎందుకు?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాను. బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. ఫిలాసఫీ అంటే కాలేజీ రోజుల నుంచీ ఇష్టం. ఉద్యోగం మానేసి ఎం.ఏ.లో చేరదామన్న ఆలోచనతో ముందుగా ఒక పరిచయ పుస్తకం కొనుక్కుని మొదలుపెట్టాను. చావు బతుకుల గురించి, న్యాయాన్యాయాల గురించి ఉంటుందనుకుంటే, ఒక అధ్యాయం మొత్తం ‘ఆగిపోయిన గడియారాన్ని చూసి సరైన టైము చెప్పినవాడికి టైము తెలిసినట్టా, తెలియనట్టా’ అన్నదాని మీదే నడిచింది. మా మావయ్య అది తిరగేసి, ‘కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదేనమ్మా, దీనికోసం నెల జీతం వదులుకుంటావా?’ అన్నారు. కోపం వచ్చింది గానీ జవాబు చెప్పలేకపోయాను. ఈ చదువుకు నిజంగా విలువ ఉందా? ఉద్యోగం మానెయ్యనా, వద్దా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ మావయ్యగారి మాటలో సగం నిజం ఉంది. ఫిలాసఫీ పేరుతో అచ్చయ్యేదానిలో ఈకలు పీకే పని కొంత ఉన్నమాట వాస్తవం. కాకపోతే ఆయన వేలు పెట్టి చూపించిన చోటే సరైంది కాదు. గడియారం అధ్యాయం ఆ కోవలోకి రాదు. ఎందుకు రాదో మీ ఉద్యోగంలోంచే చూపించవచ్చు.

ఆ ఉదాహరణ బ్రిటిష్ తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1948లో ఇచ్చింది. ఒకాయన గోడ గడియారం చూసి మూడయిందనుకున్నాడు. నిజంగానే మూడయింది. కానీ ఆ గడియారం ఎప్పుడో మూడు దగ్గర ఆగిపోయింది. ఆయన నమ్మింది నిజమే, గడియారం చూసి నమ్మాడు కాబట్టి ఆధారమూ ఉంది. అయినా ఆయనకు టైము తెలుసు అనడానికి మనకు నోరు రాదు. 1963లో అమెరికన్ తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో ఇలాంటివే మరో రెండు ఉదాహరణలు ఇచ్చి, ‘నమ్మకం నిజమై, దానికి తగిన ఆధారం ఉంటే అదే జ్ఞానం’ అన్న నిర్వచనం చాలదని తేల్చాడు.

ఇప్పుడు మీ పనిలోకి వద్దాం. లాగిన్ పేజీకి ఒక ఆటోమేటెడ్ టెస్ట్ ఉంది. రోజూ రాత్రి నడుస్తుంది, పొద్దున పాసైనట్టు పచ్చగా కనిపిస్తుంది. పేజీ కూడా నిజంగానే బాగా పనిచేస్తోంది. కొన్ని నెలల తర్వాత ఎవరో చూస్తే, వచ్చిన ఎర్రర్‌నల్లా మింగేసే బ్లాకులో అసర్షన్ (ఫలితం సరిగ్గా ఉందో లేదో తేల్చే లైను) ఇరుక్కుపోయి ఉంటుంది. అంటే పేజీ విరిగిపోయినా ఆ టెస్టు పచ్చగానే ఉండేది. ఇన్నాళ్లూ ‘పేజీ పనిచేస్తోంది’ అని మీ టీము ఇచ్చిన రిపోర్టు నిజం, దానికి ఆధారమూ ఉంది, కానీ మీకు తెలిసింది ఏమీ లేదు. ఆ గడియారమూ ఈ టెస్టూ ఒకటే. అందుకే అనుభవమున్న టెస్టర్లు కోడ్‌ను కావాలని చెడగొట్టి టెస్టు ఎర్రబడుతుందో లేదో చూస్తారు. ‘నిజం వేరుగా ఉండి ఉంటే, నా నమ్మకం కూడా మారి ఉండేదా?’ అన్నది ఆ పరీక్ష వెనకున్న ప్రశ్న. తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ 1981లో జ్ఞానానికి పెట్టిన షరతుల్లో ఒకటి అచ్చంగా ఇదే.

ఇది పడమటి వాళ్ల సరదా మాత్రమే అనుకోకండి. గెటియర్‌కు సుమారు 1,200 ఏళ్ల ముందు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు ఇదే చిక్కును ఎత్తి చూపాడు. మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, ఇంకా పొగ రాలేదు. మాంసం వాసనకు పురుగులు గుంపుగా ముసిరాయి. దూరం నుంచి చూసినవాడు ఆ గుంపును పొగ అనుకుని ‘అక్కడ నిప్పుంది’ అన్నాడు. నిప్పుంది. మరి అతనికి తెలిసినట్టేనా?

మీ మావయ్యగారు వేసిన ప్రశ్నను కూడా మన ప్రాచీన పండితులు తమకు తామే వేసుకున్నారు. కాకికి పళ్లెన్ని అని పరీక్షించడం లాంటి పనికిమాలిన శాస్త్రం రాయకూడదన్నది వాళ్ల మాట. ప్రయోజనం లేనిదే మందబుద్ధి కూడా పనికి పూనుకోడని మీమాంసా పండితుడు కుమారిల భట్టు అన్నాడు. అందుకే గ్రంథం మొదట్లోనే నాలుగు విషయాలు చెప్పి తీరాలనే పద్ధతి ఏర్పడింది. ఇది దేని గురించి, దీనివల్ల ఏం ఒరుగుతుంది, ఈ చర్చకూ ఆ ఫలితానికీ లంకె ఏమిటి, ఎవరికి ఇది అవసరం. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని వాటి పేర్లు. మీరు ఏ అధ్యాయం ముందు కూర్చున్నా ఈ నాలుగూ అడగండి. ఎక్కువ చోట్ల తేడా వచ్చేది మూడోదాని దగ్గరే. ప్రయోజనం చాలా పెద్దదిగా చెబుతారు, చేసే చర్చకూ దానికీ లంకె ఉండదు. ఎంత సన్నటి తేడా గురించి మాట్లాడుతున్నారన్నది అసలు లెక్కలోకే రాదు. ఆ తేడా మీద ఏది ఆధారపడి ఉందో చూడాలి.

దీనికి చావు కంటే పెద్ద ఉదాహరణ లేదు. మీరు పుస్తకంలో వెతికిందీ అదే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మనిషిని ఐసీయూలో పెట్టారు. వెంటిలేటర్ మీద ఛాతీ ఎగిసి పడుతోంది, గుండె కొట్టుకుంటోంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. డాక్టర్లు వచ్చి, ఆయన చనిపోయారు అంటారు. మన రాష్ట్రంలో అవయవదానాన్ని పంజాగుట్ట నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ చూస్తుంది. ఆ కార్యక్రమం కింద జరిగే మరణానంతర దానాల వెనక ఇలాంటి ఘడియ ఒకటి ఉంటుంది. 1994 నాటి కేంద్ర చట్టం ప్రకారం మెదడు కాండం (శ్వాసలాంటి ప్రాణాధారమైన పనులను నడిపే మెదడు కింది భాగం) పనిచేయడం శాశ్వతంగా, తిరుగులేకుండా ఆగిపోయిందని నలుగురు డాక్టర్లు ధ్రువీకరించాలి. ఆసుపత్రి బాధ్యుడైన డాక్టరు, అధీకృత జాబితాలోంచి ఎంపికైన స్వతంత్ర నిపుణుడు, నరాల వైద్యుడు లేదా చట్టం అనుమతించిన మరో నిపుణుడు, చికిత్స చేస్తున్న డాక్టరు. అవయవాలు అమర్చే బృందంలోని వారు వీళ్లలో ఉండకూడదు. పరీక్షలు రెండుసార్లు చేయాలి, మధ్యలో కనీసం 6 గంటలు ఆగాలి. కనుపాపలు వెలుగుకు కదులుతున్నాయా, చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కనుగుడ్లు కదులుతున్నాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తోందా అని చూస్తారు. చివర్లో ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ తీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా శ్వాసకు ప్రయత్నం జరుగుతోందా లేదా అని చూస్తారు. ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, మొదటి పరీక్ష ఎప్పుడయింది, రెండోది ఎప్పుడు, సంతకం చేసే నలుగురు ఎవరు అని అడిగే హక్కు మీకుంది.

ఈ పరీక్షలన్నీ తేల్చేది ఒక్కటే. మెదడు కాండం పనిచేయడం లేదు, ఇక చేయదు. ‘కాబట్టి మనిషి చనిపోయాడు’ అన్న మెట్టును ఏ పరికరమూ ఎక్కించలేదు. అది వాదనతో ఎక్కాల్సిన మెట్టు. 1967 డిసెంబరులో మొదటి గుండెమార్పిడి జరిగింది. 1968లో హార్వర్డ్ కమిటీ ఒకటి మెదడు పూర్తిగా ఆగిపోవడాన్ని మరణంగా లెక్కించాలని సూచించింది. అప్పుడు అది చెప్పిన కారణాలు రెండు: కోలుకోని రోగుల వల్ల కుటుంబాలకూ ఆసుపత్రులకూ కలిగే భారం, అవయవాల సేకరణ మీద రేగే వివాదం. ఆ రెండూ మనకు ఎందుకు అనుకూలమో చెబుతాయి తప్ప, అది ఎందుకు నిజమో చెప్పవు. విమర్శకులు అక్కడే పట్టుకున్నారు. తర్వాత ఇంకొంచెం గట్టి కారణం వచ్చింది: శరీరాన్నంతటినీ ఒక్కటిగా నడిపేది మెదడు, అది ఆగితే మిగిలేది అవయవాల కుప్పే తప్ప జీవి కాదు. 1998లో అలన్ షూమన్ అనే నరాల వైద్యుడు దాన్నీ ప్రశ్నించాడు. మెదడు ఆగిందని నిర్ధారించాక కూడా కొన్ని శరీరాలు వారాలు, నెలలు నిలిచిన కేసులు చూపించి, మరి వాటిని నడిపిందేమిటి అన్నాడు. 2008లో అమెరికా అధ్యక్షుడి నైతిక సలహా మండలి పాత కారణాన్ని పక్కన పెట్టి కొత్తది చెప్పాల్సి వచ్చింది. జీవి అన్నది తన చుట్టూ ఉన్న ప్రపంచం నుంచి తనకు కావలసింది తానే తీసుకోవడానికి ప్రయత్నించాలి, శ్వాస కోసం పడే ఆ ప్రయత్నం కూడా లేకపోతే జీవి లేదని వాదించింది.

ఇంకా సన్నటి తేడా ఒకటుంది. ‘ఇక మొదలవదు’ అనడం వేరు, ‘మొదలుపెట్టడం అసాధ్యం’ అనడం వేరు. వినగానే మీ మావయ్యగారికి ఒళ్లు మండుతుంది. కానీ కొన్ని దేశాల్లో గుండె ఆగిన తర్వాత 2 నుంచి 5 నిమిషాలు ఆగి అవయవాలు తీస్తారు. ఆ నిమిషాల్లో ఛాతీ నొక్కితే గుండె తిరిగి కొట్టుకునే అవకాశం కొందరిలో ఉంటుంది. నొక్కకూడదని రోగీ, కుటుంబమూ ముందే నిర్ణయించుకున్నారు కాబట్టి అది ఇక మొదలవదు, కానీ మొదలుపెట్టడం అసాధ్యం కాదు. మరణానికి రెండింటిలో ఏది చాలు? ఆ జవాబును బట్టే, ఆ బల్ల మీద కత్తి పట్టింది మృతుడి మీదో బతికున్నవాడి మీదో తేలుతుంది.

హైదరాబాద్‌కు ఇది పరాయి చర్చ కాదు. 2004 డిసెంబరులో కండరాల క్షీణత వ్యాధితో మృత్యువుకు దగ్గరైన ఒక యువకుడు, ఇన్‌ఫెక్షన్‌తో అవయవాలు పాడవకముందే వాటిని దానం చేయనివ్వమని కోరాడు. కుటుంబం హైకోర్టుకు వెళ్లింది. చట్టం దానికి చోటివ్వదని కోర్టు తోసిపుచ్చింది. అదే నెలలో అతను చనిపోయాడు. చనిపోయాకే ప్రాణాధారమైన అవయవాలు తీయాలన్న నియమం దాత రక్షణ కోసం పుట్టింది. దాతే ఆ రక్షణ వద్దన్నప్పుడు అది ఎవరిని కాపాడుతోంది? ఒకరికి మినహాయిస్తే రేపు ఒత్తిడికి లొంగి సంతకం పెట్టే పేదవాడి సంగతేమిటి? చంపడానికీ చావనివ్వడానికీ తేడా ఉందన్న మెట్టు మీదే 2018 మార్చి 9న సుప్రీంకోర్టు చికిత్స ఆపించుకునే హక్కునూ, ఏ చికిత్స వద్దో ముందుగా రాసిపెట్టుకునే పత్రాన్నీ (లివింగ్ విల్) గుర్తించింది. ఆ తేడా నిలవదని అమెరికన్ తత్త్వవేత్త జేమ్స్ రేచల్స్ 1975 నుంచే వాదించాడు. వాళ్లలో ఎవరు ఒప్పయినా, ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్న కుటుంబాల మీద ఆ పర్యవసానం పడుతుంది.

ఇక మీ మావయ్యగారు ఎక్కడ ఒప్పో చూద్దాం. వెజ్ బిర్యానీ అసలు బిర్యానీయేనా అని మన ఊళ్లో గంటలు గంటలు వాదించుకుంటారు. హండీలో ఏం పడిందో, ఎలా దమ్ పెట్టారో ఇద్దరికీ తెలుసు, అందులో భేదం లేదు. పేచీ అంతా ఆ పేరు మీదే. ఫిలాసఫీలోనూ ఇలాంటివి ఉన్నాయి. చెట్టు బోదె మీద ఉడత ఉంది, మనిషి చెట్టు చుట్టూ తిరుగుతుంటే అదీ అవతలి వైపుకు జరుగుతూ పోతోంది. మనిషి ఉడత చుట్టూ తిరిగినట్టా కాదా? ‘చుట్టూ’ అంటే ఏ అర్థంలోనో చెబితే వివాదం ఆవిరైపోతుందని విలియం జేమ్స్ 1907లోనే చూపించాడు.

దీన్ని పట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గొడవకు మూలమైన మాటను నిషేధించి, అదే వాదనను ఆ మాట లేకుండా మళ్లీ చెప్పమనండి. ‘బిర్యానీ’ అనకుండా చెప్పమంటే ఇద్దరికీ చెప్పడానికి ఏమీ మిగలదు. ‘చనిపోయారు’ అనకుండా ఐసీయూ వాదన చెప్పమనండి. వెంటిలేటర్ తీయొచ్చా, గుండె తీసి ఇంకొకరికి పెట్టొచ్చా, ఏ గంట నుంచి ఆ భార్య వితంతువు అన్న ప్రశ్నలన్నీ అలాగే నిలబడి ఉంటాయి. గడియారం సంగతి కూడా అంతే. ‘తెలుసు’ అన్న మాట తీసేసినా, ఏ ఆధారాన్ని నమ్మి రేపటి రిలీజ్ వదలాలి అన్న ప్రశ్న మిగులుతుంది. మాట తీసేశాక ఏమీ మిగలని చోట పుస్తకం మూసేయండి. అక్కడ మీ టైము నిజంగానే వృథా.

గెటియర్ మీద వచ్చిన రాతలన్నిటినీ మేం వెనకేసుకురావడం లేదు. నిర్వచనానికి ఒకరు నాలుగో షరతు తగిలిస్తే, ఇంకొకరు దానికి ఎదురు ఉదాహరణ తేవడం, దానికి ఐదో షరతు, ఇలా దశాబ్దాలు సాగింది. మొదటి ఉదాహరణలు జ్ఞానం గురించి కొత్త సంగతి చెప్పాయి. తర్వాతివాటిలో చాలా భాగం ముందటి వ్యాసం గురించి మాత్రమే చెప్పాయని మా అభిప్రాయం. 2000లో తిమొతీ విలియమ్‌సన్ అసలు జ్ఞానాన్ని అలా ముక్కలుగా విడగొట్టడమే కుదరదని వాదించాక ఆ జోరు కొంత తగ్గింది. ఒక వ్యాసం మొదటి రెండు పేజీల్లో ఎదుటి వ్యాసాల ప్రస్తావన తప్ప ప్రపంచంలోని వస్తువు ఒక్కటీ కనబడకపోతే అనుమానించండి.

‘న్యాయం’ అని పేరున్న మన ప్రాచీన తర్కశాస్త్రం చర్చను మూడు రకాలు చేసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనిగా చేసేది వితండ. ఈకలు పీకడమని జనం విసుక్కునేది ఎక్కువగా ఈ చివరిదాన్నే. అయితే వితండ అని ముద్రపడినవన్నీ వ్యర్థం కావు. బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడిని తార్కికులు అలాగే అన్నారు. ప్రమాణాలతో, అంటే కంటితో చూడటం, ఊహించడం లాంటి సాధనాలతో, వస్తువులను తెలుసుకుంటామంటున్నారు, మరి ఆ ప్రమాణాలను దేనితో తెలుసుకున్నారు అని ఆయన అడిగాడు. త్రాసుతో సరుకు తూస్తాం, అవసరమైతే త్రాసునూ తూచి చూస్తాం అని న్యాయసూత్రాలు బదులిచ్చాయి. ఆ ప్రశ్న మొన్న మొన్నటిదాకా బతికే ఉంది. 1889 నుంచి ప్రపంచానికి కిలో అంటే పారిస్ దగ్గర బీరువాలో ఉన్న ఒక ప్లాటినం-ఇరిడియం దిమ్మె. దాని నకళ్లతో పోలిస్తే శతాబ్దంలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. మరి బరువు మారింది నకళ్లదా, దిమ్మెదా? దిమ్మెనే కిలో అని నిర్వచించుకున్నాక అది తప్పిందని అనడానికే వీల్లేదు. 2019 మే 20 నుంచి దిమ్మెను వదిలేసి, ప్రకృతిలో మారని విలువైన ప్లాంక్ స్థిరాంకంతో కిలోను నిర్వచించుకున్నారు.

కంప్యూటర్ కూడా తర్కం నుంచే పుట్టింది కదా అని మీరు మావయ్యగారితో అనాలనుకుంటే, వాస్తవం మీ వైపే ఉంది. అమెరికన్ ఇంజనీరు క్లాడ్ షానన్ మిషిగన్ యూనివర్సిటీలో ఫిలాసఫీ క్లాసులో బూల్ తర్కం (నిజం, అబద్ధం అనే రెండే విలువలతో నడిచే తర్కం) నేర్చుకుని, 1937లో రిలే సర్క్యూట్లకు దాన్ని వర్తింపజేశాడు. కానీ ఆ వాదన మీద ఎక్కువ బరువు పెట్టకండి. ఎప్పుడో ఎక్కడో ఒకటి ఫలించిందని మిగతావన్నీ ఫలిస్తాయనడం లాటరీ టికెట్లు అమ్మేవాడి వాదన.

నేరుగా పనికొచ్చే సరుకు ఇంకోచోట ఉంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో పిల్లల కోసం రాసిన తర్కసంగ్రహం కొద్ది పేజీల పుస్తకం. ఆ సంప్రదాయంలో ఉపాధి అనే పనిముట్టు ఒకటుంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, ఇది సరే. నిప్పున్నచోట పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగకు అసలు కావలసింది తడి కట్టె. ఆ తడి కట్టెను ఉపాధి అంటారు. దాన్ని గుర్తుపట్టడానికి రెండు షరతులు: మీరు నిరూపించదలచింది ఉన్న ప్రతిచోటా అది ఉండాలి, మీరు చూపించే కారణం ఉన్న ప్రతిచోటా మాత్రం ఉండకూడదు.

ఇప్పుడు ఈ ఊళ్లో ప్రతి వేసవిలోనూ వినబడే వాదన తీసుకోండి. ‘ఫలానా కాలేజీలో వేస్తే ఐఐటీ సీటు ఖాయం, పోయినేడు అక్కడ చదివినవాళ్లకి వచ్చాయి కదా.’ చూపించే కారణం ఆ కాలేజీలో చేరడం, నిరూపించదలచింది సీటు. పదో తరగతికే లెక్కల్లో గట్టి పునాది ఉండి, వడపోత పరీక్షలో నెగ్గి ప్రత్యేక బ్యాచ్‌లో పడటం అన్నదాన్ని పెట్టి చూడండి. అక్కడ సీటు వచ్చిన ప్రతివాడికీ అది ఉందా? ఉంటే మొదటి షరతు తీరింది. చేరిన ప్రతివాడికీ ఉందా? లేకపోతే రెండోదీ తీరింది. వాదన పడిపోయింది, మీ పిల్లవాడు ఆ బ్యాచ్‌లో ఉంటాడా అన్నదే ఇక అడగాల్సింది. కొత్తవాళ్లు ఇక్కడ చేసే తప్పు, కనబడిన ప్రతి రెండో అంశాన్నీ ఉపాధి అనేయడం. ‘అక్కడ ఫీజు ఎక్కువ’ అన్నది ఉపాధి కాదు, ఎందుకంటే ఫీజు చేరిన వాళ్లందరూ కడతారు, రెండో షరతు తప్పింది. టెస్టింగ్‌లో బగ్‌కు కారణం వెతికేటప్పుడు కూడా ఇదే వరస పనిచేస్తుంది. పుస్తకంలోంచి ఆఫీసుకు తెచ్చుకోగలిగిన పనిముట్టు ఇది, రెండుమూడు వారాల సాధనకు వస్తుంది.

ఎం.ఏ. నిర్ణయం ఇప్పుడే వద్దు. ముందు ఎనిమిది వారాలు, వారానికి ఐదారు గంటల చొప్పున ఇలా చదివి చూడండి. వారానికి ఒకే ఒక్క వ్యాసమో అధ్యాయమో, పదీ పదిహేను పేజీలకు మించనిది. మొదటిసారి చదివి రచయిత చివరికి ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో రాయండి. రెండోసారి చదివి దానికి కారణాలను అంకెలు వేసి రాయండి. మూడు నుంచి ఆరు వరసల్లో పట్టాలి. పన్నెండు వచ్చాయంటే మీరు వాదన తీయలేదు, వ్యాసాన్ని నకలు చేశారు. మూడోసారి, పైకి చెప్పకుండా అనుకున్నది ఏదైనా ఉంటే దాన్నీ ఒక వరసగా చేర్చండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. అప్పుడు మీ అభ్యంతరం ఏ అంకె మీదో చెప్పండి. అంకె చెప్పలేని అభ్యంతరం అభిరుచి మాత్రమే. చివరగా, మీ అభ్యంతరానికి ఆ రచయిత ఇవ్వగలిగిన అత్యుత్తమ జవాబు మీరే రాయండి. మొత్తం ఒక కాగితం దాటకూడదు. గెటియర్ వ్యాసం మూడు పేజీలే కాబట్టి దానితోనే మొదలుపెట్టవచ్చు.

ఎక్కువమంది ఆగిపోయేది మూడు చోట్ల. ప్రాచీన గ్రీసు నుంచి వరసగా చరిత్ర చదవడం మొదలుపెట్టి ప్లేటో దాటకముందే అలసిపోతారు. లేదా వాదాల పేర్లు పోగేసుకుంటారు, ఫలానా వాదం అంటే ఏమిటో చెప్పగలరు గానీ దాన్ని ఎందుకు నమ్మాలో చెప్పలేరు. లేదా ఎవరి తోడూ లేకుండా, చదవడానికి కష్టమైన జర్మన్ తత్త్వవేత్త హెగెల్ మీద పడతారు. వీడియో సారాంశాలు నాలుగో ప్రమాదం, ముగింపు వినిపిస్తుంది తప్ప మెట్లు కనబడవు. స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఫిలాసఫీ ఎన్‌సైక్లోపీడియా ఇంటర్నెట్‌లో ఉచితం, ఐఐటీలు అందించే ఎన్‌పీటెల్ పాఠాలూ ఉచితమే. అచ్చుపుస్తకాలకు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓపికగా వెతికితే పాత పాఠ్యపుస్తకాలు దొరుకుతాయి.

ఎనిమిది కాగితాలయ్యాక వాటిని వరసగా పేర్చి చదవండి. మొదటిదానిలో మీ అభ్యంతరాలు ఎలా ఉన్నాయి, చివరిదానిలో ఎలా ఉన్నాయి? పదును పెరిగి, తొమ్మిదో వ్యాసం కోసం చెయ్యి దానంతటదే వెళ్తుంటే మీరు దీనికి అధికారి. పెద్ద ప్రశ్నల గురించిన మాటలు బాగుంటాయి గానీ ఆ అంకెల పని మాత్రం విసుగనిపిస్తే, ఎం.ఏ. మీకు సరిపడదు. ఎం.ఏ.లో రోజూ ఉండేది ఆ అంకెల పనే. ఆసక్తిగా చదువుకునే పాఠకురాలిగా ఉండటంలో తక్కువతనమేమీ లేదు.

చేరాలనే అనిపిస్తే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఉస్మానియాలోనూ ఫిలాసఫీ విభాగాలున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీ ప్రవేశం సీయూఈటీ-పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. అర్హతలు, సీట్ల వివరాలు ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి. ఉద్యోగాల సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. తెలుగు రాష్ట్రాల డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ చెప్పే చోట్లు చాలా తక్కువ. అధ్యాపకురాలు కావాలంటే యూజీసీ నెట్ లాంటి అర్హత పరీక్ష నెగ్గాలి, ఆపైన పీహెచ్‌డీ కూడా చేస్తే ఎం.ఏ.తో కలిపి ఏడెనిమిదేళ్ల ప్రయాణం. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పై స్థానాల్లో నిలిచినవాళ్లకు పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, అదీ మొదటి రెండేళ్లకు. అశోక్‌నగర్‌లో ఫిలాసఫీని సివిల్స్ ఆప్షనల్‌గా చెబుతారు. మెయిన్స్ 1,750 మార్కుల్లో దానికి 500, నైతికత పేపరుకు విడిగా 250 ఉన్నాయి. కానీ అక్కడ నేర్పేది నిర్ణీత నిమిషాల్లో జవాబు రాయడం, దాన్నీ దీన్నీ ఒకటిగా చూడకండి. ఆ పరీక్ష రాసే ఉద్దేశం లేకపోతే ఆ కోచింగ్‌కు వెళ్లి ఫిలాసఫీ నేర్చుకోవచ్చనుకోవడం డబ్బు దండగ.

రాజీనామా ఇవ్వకుండా ఇంకో దారి ఉంది. ఇగ్నోలో ఎం.ఏ. ఫిలాసఫీ దూరవిద్యగా చేయవచ్చు. తక్కువలో తక్కువ రెండేళ్లు, నాలుగేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. నెట్ రాయడానికి ఆ డిగ్రీ పనికొస్తుంది. దానిలో లోటు ఒకటే, ఎదురుగా కూర్చుని మీ మూడో వరస తప్పని చెప్పేవాళ్లు ఉండరు. అందుకే మీ ఎనిమిది కాగితాలూ చూపించడానికి ఒక మనిషిని ఇప్పటి నుంచే వెతుక్కోండి. విభాగాల్లో జరిగే సెమినార్లలో బయటివాళ్లను రానిచ్చేవి ఉంటాయి, ప్రకటనలు గమనిస్తూ ఉండండి. అక్కడ ఒక మూల కూర్చుని రెండుమూడు విన్నాక, టీ బ్రేక్‌లో ఒక కాగితం ఎవరి చేతిలోనైనా పెట్టి చూడండి.